మూడు లెక్కపెట్టాక

కోపం నా ముక్కు మీదే ఉంటుందని మా అక్క అంటుంది. ఉండి ఏం లాభం? అవసరమైన రోజున అది నోటిదాకా రాలేదు.

మా బావది గడ్డి కోసే మిషన్ల షాపు. ముందు గదిలో ఆయన అమ్ముతాడు, వెనక రేకుల షెడ్డులో నేను బాగుచేస్తాను. కొత్త మిషను అమ్మినప్పుడల్లా కంపెనీకి పంపాల్సిన కార్డు మేమే నింపుతాం. కొన్నవాళ్ల పేరు రాసి, అడ్రసు దగ్గర మాత్రం మా షాపుదే రాస్తాం. కంపెనీ నుంచి ఏ కబురొచ్చినా మా చేతుల మీదుగానే వెళ్లాలని బావ ఎత్తు. కార్డులు రాసేది నేనే. నా దస్తూరీ బాగుంటుందట.

అందుకే ఆ సోమవారం నలభై ఒక్క కవర్లు మా గుమ్మంలోకి ఒక్కసారే వచ్చిపడ్డాయి. నలభై ఒక్క పేర్లు, ఒకటే అడ్రసు. ఒకటి విప్పి చదివాను. హ్యాండిల్ మీది లివరు వదిలితే ఇంజను ఆగుతుంది గానీ, బ్రేకు స్ప్రింగు పట్టు తప్పడం వల్ల లోపల బ్లేడు తిరుగుతూనే ఉండొచ్చు. వెంటనే వాడకం ఆపండి, షాపులో ఇవ్వండి, ఉచితంగా మార్చి ఇస్తాం. అదీ సంగతి.

"ఇప్పుడే అందరికీ ఫోన్లు చేద్దాం బావా," అన్నాను.

"నీకేమైనా పిచ్చా? సీజను నడుస్తోంది. నలభై మిషన్లు తిరిగొచ్చి గుమ్మంలో కూర్చుంటే కొత్తది కొనేవాడెవడు? స్ప్రింగులు కూడా ఇంకా రాలేదు. ఒక్క నెల ఆగు, మనమే పిలిచి మారుద్దాం."

"ఈలోపు ఎవరి చెయ్యైనా పోతే?"

"అపశకునం మాటలు మాట్లాడకు. తిరిగే బ్లేడులో చెయ్యి పెట్టే వెధవ ఎవడుంటాడు?"

నేను అరిచాను. స్పానరు నేలకేసి కొట్టాను. లోపల్నుంచి అక్క వచ్చి, "మీ ఇద్దరూ కలిసి నన్ను చంపుకు తినండి," అని కళ్లనీళ్లు పెట్టుకుంది. బావ కవర్లన్నిటికీ రబ్బరు బ్యాండు వేసి బల్ల సొరుగులో పడేశాడు. నేను గొణుక్కుంటూ షెడ్డులోకి పోయాను. నా వీరత్వం అంతటితో సరి.

ఆ కట్టలో ఒక కవరు స్కూలు మాలిది. పెద్దాయన. మిషను స్కూలువాళ్లే కొన్నా, కార్డు మీద తన పేరు రాయమని అడిగి మరీ రాయించుకున్నాడు. వాడకం నేర్పింది నేనే. "గడ్డి బయటికొచ్చే మూతికి తడిగడ్డి అడ్డం పడుతుంది. చేత్తో లాగేముందు లివరు వదిలి మూడు లెక్కపెట్టండి, బ్లేడు ఆగిపోతుంది," అన్నాను. కర్రతో తియ్యాలని మిషనుతో వచ్చే పుస్తకంలో ఉంది. అంత ఓపిక ఎవరికుంటుందని, మా షాపులో అందరికీ ఈ మూడు అంకెలే చెబుతాం.

మనసాగక గురువారం సాయంత్రం స్కూలుకెళ్లాను. ఆయన గుడ్డ తడిపి మిషను తుడుస్తున్నాడు, పసిపిల్లకు మొహం కడిగినట్టు.

"చూశావా అబ్బాయ్, గడ్డి గీత గీసినట్టు తెగింది! ఏంటిలా వచ్చావ్?"

మాట నాలిక చివరిదాకా వచ్చింది. చెబితే ఈయన హెడ్మాస్టరుకు చెబుతాడు, హెడ్మాస్టరు బావకు ఫోను చేస్తాడు, ఇక ఆ షెడ్డులో నాకు చోటుండదు.

"ఊరికే, ఇటేపు పనుండి వచ్చా. జాగ్రత్తగానే వాడుతున్నారా?"

"నువ్వు చెప్పినట్టే! లివరు వదులుతా, మూడు లెక్కపెడతా. నవ్వకు, పైకే లెక్కపెడతా. పిల్లలు కూడా నాతోపాటు అరుస్తారు."

నేనూ నవ్వాను. సిగ్గులేని నవ్వు.

తరవాత నాలుగు రోజులు వరసగా వాన. ఆ పై వారం ఆయన షాపుకొచ్చాడు. కుడిచేతికి మణికట్టు దాకా కట్టు. ఆ కట్టులో ఉండాల్సినన్ని వేళ్లు లేవని చూడగానే తెలిసిపోయింది. వెనకాల స్కూలు వాచ్‌మన్ మిషను తోసుకొచ్చాడు.

"అయ్యయ్యో, ఎంత పనైంది! కాస్త చూసుకోవాలి కదండీ," అని బావ కుర్చీ వేశాడు. ఆ మాటకు నాకు ఒళ్లు మండిపోయింది.

"తప్పు నాదే బాబూ. స్కూలువాళ్లూ అదే అన్నారు," అన్నాడు మాలి. నా వైపు తిరిగాడు. "గడ్డి అడ్డం పడింది. లెక్కపెట్టాకే చెయ్యి పెట్టాను. గబగబా లెక్కపెట్టానేమో, నువ్వు విని చెప్పు అబ్బాయ్."

కళ్లు మూసుకుని, పాఠం అప్పజెబుతున్నట్టు, "ఒకటి... రెండు... మూడు," అన్నాడు. ఎంత నిదానంగా అన్నాడో!

"తక్కువైందా?"

బావ కళ్లతోనే వద్దన్నాడు. నేను సొరుగు లాగి కట్ట బయటికి తీశాను. రబ్బరు బ్యాండు తెగి కవర్లన్నీ నేల మీద పడ్డాయి. ఆయనది వెతికి ఎడమచేతిలో పెట్టాను. ఒంటిచేత్తో చించలేక నాకే తిరిగిచ్చాడు. చింపి, మొదటి నుంచి చివరిదాకా గట్టిగా చదివాను. బ్లేడు తిరుగుతూనే ఉండొచ్చు అన్నచోట ఆగాను. ఆ ముక్క మళ్లీ చదివాను.

ఆయన కవరు తీసుకుని తన పేరు చూసుకున్నాడు. తరవాత పోస్టు ముద్ర మీద తేదీ చూశాడు. బావను వదిలేసి నా వైపు చూశాడు.

"ఆ గురువారం నువ్వు స్కూలుకొచ్చావు కదా అబ్బాయ్," అన్నాడు. "అప్పటికి ఇది వచ్చేసిందా?"

"వచ్చింది," అన్నాను.