దులుపు పిండి

మూడో బస్తా దులుపుతుండగా కోడలికి ఊపిరి అందలేదు.

మిట్టమధ్యాహ్నం. గది తలుపు గడియ వేసి ఉంది. ఉన్న ఒక్క కిటికీ సందుల్లో పాతచీర ముక్కలు కుక్కి ఉన్నాయి. గాలి వీస్తే పిండి ఎగిరిపోతుంది కాబట్టి ఆ పని ఎప్పుడూ తలుపులు మూసే జరగాలి. నేల మీద దుప్పటి పరిచి, ఖాళీ బస్తాను తిరగేసి, కర్రతో బాది, మూలల్లో గోళ్ళతో గీకి, కుట్లలో ఇరుక్కున్నదాన్ని కూడా రాల్చాలి. పైకి లేచిన పిండి మళ్ళీ దుప్పటి మీదికి దిగేదాకా అత్తాకోడళ్ళిద్దరూ కదలకుండా కూర్చోవాలి.

కోడలు కర్ర వదిలేసి గోడకు చేరగిలబడింది. గొంతులో పిల్లికూతలు, ఎగిసిపడే ఛాతీ. పెదాలు నల్లబడుతున్నాయి. మాట రాక కళ్ళతోనే తలుపు చూపించింది. అత్త గబుక్కున లేచింది. కాని ముందు తలుపు తీయలేదు. దుప్పటి నాలుగు కొసలూ దగ్గరికి లాగి, మూటలా ముడి వేసి, అప్పుడు గడియ తీసింది. ఆమెను రాక్షసి అనుకోవద్దు. ఆ పిండి రేపటి రొట్టె. లేనివాళ్ళ ఇంట్లో మనిషినీ తిండినీ ఒకేసారి కాపాడుకోవాల్సి వస్తే చేతులు ముందు దేని మీదికి వెళ్తాయో, కడుపు నిండినవాళ్ళకి ఎంత చెప్పినా ఎక్కదు.

ఆయాసం కొత్తది కాదు. మూడేళ్ళుగా ఉంది. దానికి కారణం కనిపెట్టని మనిషి ఆ వీధిలో లేడు. చన్నీళ్ళ వల్ల అంది ఎదురింటావిడ. అప్పట్నుంచి వేణ్ణీళ్ళే తాగింది. తలంటు వల్ల అంది పక్కింటావిడ. నెలకోసారి తప్ప తల తడపడం మానేసింది. పిల్లి బొచ్చు వల్ల అని ఇంకెవరో అంటే, వీధిలో తన మానాన తాను తిరిగే పిల్లికి పాపం దెబ్బలు పడ్డాయి. మందుల షాపతను మాత్రం కారణాల జోలికి పోకుండా ఎర్ర సిరప్పూ తెల్ల మాత్రలూ చేతిలో పెట్టేవాడు. అవి వేసుకుంటే కాస్త కునుకు పట్టేది, పొద్దున్నే చేతులు వణికేవి. ఇప్పుడు ఆ మాత్రలకీ లొంగలేదు. పక్కింటావిడ ఆటో పిలుచుకొస్తే, అత్త కోడల్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని ధర్మాసుపత్రికి తీసుకెళ్ళింది.

అక్కడ ముక్కుకీ నోటికీ గొట్టం తగిలించి, పొగలాంటి మందేదో పట్టించారు. గంటకి ఊపిరి దారిలో పడింది. తర్వాత వరసలో కూర్చోబెట్టారు. ముందు పాతికమంది, వెనక పాతికమంది. డాక్టరమ్మ పొద్దుటి నుంచి లేవకుండా కూర్చుని ఉంది. ముఖాన నెత్తురు చుక్క లేదు. ఎవరు చెప్పేదీ సగం వినకముందే చెయ్యి మందులు రాసేస్తోంది. కోడలి వీపు మీద గొట్టం పెట్టి విని, రాస్తూ రాస్తూనే అడిగింది, ఎప్పుడు ఎక్కువవుతుంది, ఎప్పుడు తగ్గుతుంది అని.

కోడలికి ఇంకా మాట పెగల్లేదు. అత్త అందుకుంది. మూడేళ్ళుగా వీధంతా చెప్పుకున్న బాధ చెప్పుకోవడానికి ఇంతకంటే పెద్ద చోటు దొరకదనుకుంది.

"ఎప్పుడేంటి డాక్టరమ్మా, పుట్టింటికి పోతే దీనికి ఏ జబ్బూ ఉండదు. చెల్లెలి పురుడని వెళ్ళి నెలరోజులుంది. ఒక్క మాత్ర మింగితే ఒట్టు. గుండ్రాయిలా ఉందంట. మా గడప తొక్కిన మర్నాడే మళ్ళీ మొదలు. ఇది జబ్బో, పని ఎగ్గొట్టే నాటకమో మీరే తేల్చండి."

వరసలో ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. కోడలు తల దించుకుంది. ఊపిరాడక చస్తూ కూడా సిగ్గుపడాల్సి రావడం ఎంత నరకమో పడ్డవాళ్ళకే తెలుస్తుంది. ఒక్కోసారి ఆమెకే అనుమానం వచ్చేది, నిజంగానే తన ఒళ్ళే తన మీద నాటకమాడుతోందేమోనని.

డాక్టరమ్మ నవ్వలేదు. రాయడం ఆపింది.

"నాటకం కాదు పెద్దమ్మా. అక్కడ లేనిదేదో మీ ఇంట్లో ఉంది. రోజంతా ఈ అమ్మాయి ఏం పని చేస్తుంది?"

అత్త చెప్పింది. వంట, అంట్లు, నీళ్ళు మోయడం, బస్తాలు దులపడం. ఏం బస్తాలని అడిగితే బేకరీ బస్తాల సంగతి కూడా చెప్పింది. తలుపులు తీసే దులుపుతారా అని డాక్టరమ్మ అడిగితే అత్తకి నవ్వొచ్చింది.

"తలుపు తీస్తే పిండి పోదూ?"

ఆ బస్తాల కథ ఇక్కడ చెప్పుకోవాలి. కోడలి మొగుడు బేకరీలో పిండి కలిపే మేస్త్రీ. వాళ్ళ నాన్న కూడా అక్కడే పనిచేసి, ఆ పనిలోనే పోయాడు. నాలుగేళ్ళ కిందట పనివాళ్ళంతా ఒక్కటై కూలి పెంచమని అడిగారు. యజమాని కోప్పడలేదు. అందర్నీ కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. డబ్బు పెంచలేనుగాని, రోజూ మిగిలే ఖాళీ బస్తాలు ఇకనుంచి మీవే, దులుపుకుంటే వారంలో సగం రోజులకి సరిపడా పిండి, కుట్టుకుంటే సంచులు, ఇదీ జీతంలో భాగమే అనుకోండి అన్నాడు. పనివాళ్ళు ముఖాలు చూసుకున్నారు. లేనిదానికంటే నయం కదా అని ఒప్పుకున్నారు. అప్పటిదాకా బేకరీ నేల మీద రాలి ఊడ్పులో పోయిన పిండి, ఆ రోజు నుంచి ఇళ్ళలోకి రావడం మొదలుపెట్టింది. దులుపు పిండి అని దానికో పేరు కూడా వచ్చింది.

పిండి దగ్గు అనే మాట మాత్రం అంతకుముందు నుంచే ఉంది. బేకరీలో అందరూ దగ్గుతారు. దగ్గని వాడికి పని రాలేదని లెక్క. కొత్తవాడు మొదటిసారి ఉక్కిరిబిక్కిరైతే పాతవాళ్ళు వీపు చరిచి, ఇక నువ్వు మావాడివి అయ్యావురా అని నవ్వుతారు. జబ్బును చుట్టరికం చేసుకుని బతకడం అంటే అదే.

డాక్టరమ్మ ఒక పీల్చే మందు రాసింది. ఆ మందు మంట ఆర్పుతుందేగాని, రోజూ నిప్పు వేసుకుంటూ పోతే లాభం లేదంది. ఆ పిండి గాలిలో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోతోంది, ఈ అమ్మాయి ఒంటికి అది విషమైంది, ఇక ఒక్క బస్తా కూడా ఇంట్లోకి రాకూడదు, ఇలాగే సాగితే ఏదో ఒకరోజు ఆసుపత్రిదాకా తీసుకొచ్చే వ్యవధి కూడా ఉండదు అని ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"మరి తినకూడదా?" అంది అత్త.

"వండుకు తినొచ్చు. పీల్చకూడదు."

అత్త లేవలేదు. వెనక ఉన్నావిడ ముందుకు తోసుకొస్తున్నా, బల్ల అంచు పట్టుకుని కూర్చుంది.

"మా ఆయన కూడా ఇలాగే పోయాడమ్మా. కుర్చీలో కూర్చునే నిద్రపోయేవాడు. పడుకుంటే ఊపిరాడేది కాదు. వయసు మీద పడిందన్నారు అందరూ. నేనూ అదే అనుకున్నాను."

"ఆయన్ని చూడకుండా నేనేం చెప్పలేను పెద్దమ్మా. ఏం పనిచేసేవాడు?"

అత్త బల్ల అంచు వదిలి, కోడలి చెయ్యి పట్టుకుని లేచింది. వాళ్ళాయన పోయినప్పుడు ఆయన వయసు యాభై కూడా లేదు. అది వయసు మీద పడటం ఎలా అవుతుందని ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తనకెందుకు తోచలేదో ఆమెకి అంతుబట్టలేదు.

సాయంత్రం మేస్త్రీ అంతా విన్నాడు. మొదట నమ్మలేదు. పిండి విషమైతే లోకంలో రొట్టె తిన్నవాళ్ళంతా పోవాలి కదా అన్నాడు. తర్వాత భార్య ముఖం చూసి ఊరుకున్నాడు. ఆమె ఆ రోజు ఏడవలేదు, బతిమాలలేదు. బస్తాలు మానేస్తే నేను బతుకుతానంట, అని మాత్రం అంది. ఎవరి గురించో చెబుతున్నట్టు అంది. మేస్త్రీకి ఆ గొంతు విని భయమేసింది. బస్తాలకి బదులు కూలి పెంచమని రేపు అడుగుతానని మాటిచ్చాడు. అత్త మధ్యాహ్నపు మూట విప్పి చూసింది. జల్లించాలంటే మళ్ళీ రేగుతుంది. జల్లించకుండానే తడిపి, పురికొస పోగులు ఏరిపారేసి రొట్టెలు కాల్చింది. డబ్బాలో ఇక పిండి లేదు.

మర్నాడు మేస్త్రీ అడిగాడు. అడగడానికి తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నందాకా ధైర్యం కూడగట్టుకున్నాడు. యజమాని కుర్చీ ముందు నిలబడి, అయ్యా, మాకు బస్తాలు వద్దు, ఆ మేరకు ఏదైనా కూలిలో కలపండి అన్నాడు. యజమానికి మొదట ఒళ్ళు మండింది. బస్తాలు నేను దయతలిచి ఇస్తున్నవి, వాటికీ కూలికీ సంబంధం ఏంటి అన్నాడు. నాలుగేళ్ళ కిందట చెప్పిన మాట ఆయనకి గుర్తున్నట్టు లేదు. మేస్త్రీకి గుర్తుంది, కాని నోట్లోంచి రాలేదు. మేస్త్రీ ఇంటి సంగతి తెలిసిన, బట్టీ పని చేసే అతను పక్కనే రొట్టెల పళ్ళెం దించుతూ విన్నాడు. దించేసి దగ్గరికి వచ్చాడు.

"నీ పెళ్ళానికి దగ్గొస్తే మా పిల్లల నోట్లో మట్టి కొడతావా? నువ్వొద్దంటే అందరికీ ఆపేస్తారు. నీకేం, ముగ్గురే. నా ఇంట్లో ఆరుగురు." అని, ఆ మాట పూర్తి చేయలేక మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి దగ్గాడు. ఎవరూ చేస్తున్న పని ఆపి తలెత్తలేదు. వాళ్ళకది వినిపించను కూడా లేదు.

పెళ్ళానికి ఏమైందని యజమాని అడిగాడు. మేస్త్రీ చెప్పాడు. యజమాని కోపమంతా చల్లారిపోయింది. నిజంగానే జాలిపడ్డాడు. చ్చొచ్చొచ్చొ అన్నాడు. ఆసుపత్రి ఖర్చులుంటాయి, ఇంటిది మంచాన పడితే ఎంత కష్టమో నాకు తెలీదా అన్నాడు. గోడౌన్ వైపు కేకేసి, మేస్త్రీకి ఈ పూట బస్తాలు రెండు కట్టలివ్వండి అని చెప్పాడు.

రెండు కట్టలూ తెచ్చి కాళ్ళ ముందు పడేశారు. పనివాళ్ళందరూ అసూయగా చూస్తున్నారు. బట్టీ మనిషైతే ముఖం పక్కకి తిప్పుకున్నాడు. వద్దనాలని మేస్త్రీ నోరు తెరిచాడు. నాలుక తిరిగింది వేరే మాట వైపు.

"దండాలయ్యా," అన్నాడు.

ఒక కట్ట నెత్తిన, ఒకటి చంకన పెట్టుకుని నడిచాడు. దారిలో పారేద్దామని రెండుసార్లు అనుకున్నాడు. పారేస్తే ఎవడో ఒకడు చూస్తాడు, రేపు యజమాని చెవిన పడుతుంది. పైగా ఇంట్లో డబ్బా ఖాళీ. మొగుడిగా, కొడుకుగా, పనివాడిగా ఏ లెక్కన చూసుకున్నా తాను చేసేది తప్పుగానే కనబడింది.

కోడలు అరుగు మీద కూర్చుని ఉంది. దూరం నుంచే రెండు కట్టలు చూసింది. లేచి వెళ్ళి గుమ్మంలో నిలబడి, అటో చెయ్యి ఇటో చెయ్యి ద్వారబంధానికి ఆనించింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొగుడికి అడ్డం నిలబడటం ఆమెకి ఇదే మొదలు.

"అవి లోపలికి రావు," అంది.

"అడిగాను. అడిగినందుకే ఇంకోటి ఇచ్చాడు." మేస్త్రీ గొంతు తనకే అసహ్యంగా వినిపించింది. "బయటే ఎక్కడో దులుపుకుందాం. అమ్మ దులుపుతుంది."

కోడలు వెనక్కి తిరిగి అత్త వైపు చూసింది. అత్త ఖాళీ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఒకప్పుడైతే ఈ పాటికి నోరు చేసుకునేది.

"నేను దులపను," అంది అత్త. "మీ నాన్నని ఆ బేకరీలో దులిపి దులిపి మట్టి చేశారు. నేను దులపను."

"రేపేం తింటామే?" అన్నాడు మేస్త్రీ, ఎవరిని అడుగుతున్నాడో తనకే తెలియకుండా.

"తెలీదు," అంది కోడలు. "రేపేం తింటామో నాకు తెలీదు. అవి మాత్రం ఈ గుమ్మం దాటవు."

మేస్త్రీ కట్టలు రెండూ వీధిలోనే దించాడు. బరువు దిగాక ఒక్క క్షణం తేలిగ్గా అనిపించింది. నుదుటి చెమట తుడుచుకుని, అలవాటు ప్రకారం ఇంట్లోకి అడుగు వేయబోయాడు. కోడలి చేతులు ద్వారబంధం మీంచి కదల్లేదు. ఆమె తన వంక చూస్తోందని, అయితే ముఖం కాదు, ఇంకేదో చూస్తోందని అతనికి అర్థమైంది. తల వంచి చూసుకున్నాడు. చొక్కా తెల్లగా ఉంది. మోచేతుల దాకా తెల్లగా ఉంది. లుంగీ మడతల్లో, కాలి గోళ్ళ సందుల్లో, కనురెప్పల మీద, అంతా పిండే.

"మరి నేను?" అన్నాడు.

రేపు మళ్ళీ తెల్లవారుజామున అతను ఆ పనికే వెళ్ళాలి. వెళ్ళి మళ్ళీ ఇలాగే రావాలి. అది ఆమెకీ తెలుసు, అతనికీ తెలుసు.

అతను గాభరాగా చొక్కా దులుపుకోబోయాడు. ఒక్క దెబ్బకే పిండి పొగలా లేచి గుమ్మం వైపు వచ్చింది. ఆమె కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఒక అడుగు వెనక్కి వేసింది.

"దులపకు," అంది.

అతను చేతులు ఒంటికి దూరంగా పెట్టుకుని, ఏం చేయాలో తెలియక, తన ఇంటి ముందు అలాగే నిలబడిపోయాడు.