వీపుల గోడ

షాపింగ్ మాల్ సెక్యూరిటీ గార్డులకు సీపీఆర్ నేర్పడానికి ఎవరు వెళ్తారని ఆసుపత్రిలో అడిగితే, మాట పూర్తికాకముందే నర్సమ్మ చెయ్యెత్తింది. సేవాభావం అనుకున్నారు పాపం. సేవా లేదు, పాడూ లేదు. ఆమె పగ తీర్చుకోవడానికి వెళ్తోంది.

పోయినేడు ఆ మాల్‌లోనే, లిఫ్టు ముందు, ఆమె భర్త గుండె ఆగి కుప్పకూలాడు. ఆమె చెప్పుల కొట్లోంచి పరుగెత్తుకొచ్చేసరికి గార్డులు ఆయన చుట్టూ చేతులు కలిపి నిలబడి ఉన్నారు. జనాన్ని ఆపడమే వాళ్లకు నేర్పిన విద్య. అందుకని ముఖాలన్నీ జనం వైపు, వీపులన్నీ ఆయన వైపు. పడ్డవాడికి ఊపిరి ఆడుతోందో లేదో తిరిగి చూసిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు.

"నేను నర్సుని, ఆయన నా భర్త. లోపలికి పోనివ్వండి బాబూ," అని కాళ్లావేళ్లా పడింది.

"గాలాడనివ్వమ్మా, వెనక్కి జరుగు. అందరూ ఇలాగే చెప్తారు," అన్నాడు వాళ్ల పెద్ద, మీసాలాయన.

అంబులెన్స్ వచ్చేదాకా ఆ గోడ కదల్లేదు. అది వచ్చి మాత్రం ఏం లాభం, అప్పటికే అంతా అయిపోయింది.

ఇప్పుడు ఆ మీసాలాయనే ఆమె ఎదుట బుద్ధిగా కూర్చున్నాడు. ఆమెను గుర్తుపట్టలేదు. ఈ శిక్షణలో తప్పినవాళ్ల ఉద్యోగం ఊడుతుందని మాల్ వాళ్లు ముందే చెప్పారు. ఎవరు పాసో, ఎవరు ఫెయిలో తేల్చేది ఆమే. ఆ సంగతి తెలిసిన రోజు ఆమె చాలా కాలానికి కడుపునిండా అన్నం తింది.

"ముందు మీరు రండి," అని ఆయన్నే పిలిచింది.

ఆయన మోకాళ్ల మీద కూర్చుని, ఆమె తెచ్చిన మనిషి బొమ్మ ఛాతీని నొక్కడం మొదలుపెట్టాడు. "మోచేతులు వంచకండి. ఇంకా గట్టిగా," అంటూనే ఉందామె. చెమటకు మీసాలు తడిసి వేలాడాయి.

"ఎంతసేపు మేడమ్?"

"అంబులెన్స్ వచ్చేదాకా."

"అదెప్పుడొస్తుంది?" అని నవ్వాడు.

"ఆ రోజు లిఫ్టు దగ్గరికి ఎంతసేపటికొచ్చిందో అంతసేపటికి. 'గాలాడనివ్వమ్మా, వెనక్కి జరుగు' అని నన్ను ఆపారే, ఆ రోజు."

ఆయన చేతులు ఆగిపోయాయి.

"ఆపారేం? ఆపితే పోతాడు."

మళ్లీ నొక్కాడు. ఏడుస్తూ నొక్కాడు. చూస్తుంటే ఆమె కడుపుమంట చల్లారింది. అబద్ధమెందుకు, నిజంగానే చల్లారింది. అలిసిపోయి ఆయన పక్కకు ఒరిగేదాకా ఆమె ఆపమనలేదు.

"తెలియక చేశానమ్మా. ఒట్టు, నాకు తెలియదు."

ఆయన్ని ఫెయిల్ చేద్దామనే వచ్చింది. కానీ ఉద్యోగం ఊడితే ఈ మనిషి ఇంటికి పోయి, తెలియక జరిగిందిలే అని దుప్పటి ముసుగేసుకుని పడుకుంటాడు. ఆ సుఖం తనెందుకివ్వాలి?

"పాసయ్యారు," అంది. "మీ డ్యూటీ ఎప్పటిలా ఆ లిఫ్టు దగ్గరే."

"బతికించారమ్మా."

"మిమ్మల్నా?" ఆమె బొమ్మను సంచిలో సర్దుకుంది. "తెలియదని చెప్పుకోవడానికి మీకో సాకు ఉండేది. ఇవాళ దాన్ని లాగేసుకున్నాను."