అందుబాటులో ఉన్న నిల్వ

నేను ఒక బ్యాంకు కార్డును. యంత్రంలోకి దూరితే నోట్లు బయటికొస్తాయి కాబట్టి మనుషులు నన్ను ధనవంతుణ్ణి అనుకుంటారు. నా దగ్గర పైసా లేదు. ఎవరి సొమ్ము ఎవరికిస్తున్నానో చెప్పే నోరూ లేదు. నా కోపమంతా అందుకే.

ఎక్కడో ఒక కర్మాగారంలో నన్ను అచ్చేసి విజయనగరంలోని ఒక ప్రైవేటు బ్యాంకుకు పంపారు. అక్కడి అధికారి చైతన్య నన్ను తీసుకెళ్ళి పైడితల్లి చేతిలో పెట్టాడు. పెళ్ళిళ్ళకు, సంతర్పణలకు గుండిగలు, గ్యాసు పొయ్యిలు అద్దెకిచ్చే కొట్టు ఆమెది. భర్త పోయాక ఒంటిచేత్తో నిలబెట్టుకుంది.

"ఇది ఓవర్‌డ్రాఫ్టమ్మా. మీ డబ్బు అయిపోయినా లక్ష దాకా తీసుకోవచ్చు" అన్నాడు చైతన్య.

"అంటే అప్పేనా బాబూ?"

"సౌకర్యం అనుకోండి. వాడుకుంటేనే వడ్డీ."

అబద్ధం చెప్పలేదు. సగం చెప్పి ఊరుకున్నాడు. అబద్ధమైతే ఎప్పుడో ఒకప్పుడు దొరికిపోతుంది. సగం నిజం దొరకదు.

వేసవి పెళ్ళిళ్ళ ముందు ఆమె నన్ను ఏటీఎంలో పెట్టింది. చీటీ వచ్చింది. ఆమె సొంత డబ్బునూ, బ్యాంకు ఇస్తానన్న లక్షనూ కలిపి ఒకే అంకెగా వేసి, పక్కన 'అందుబాటులో ఉన్న నిల్వ' అని రాశారు. పార్టీలు ఫోనులో వేసిన అడ్వాన్సులు చేరాయి కాబోలు అనుకుని పైడితల్లి మురిసిపోయింది. అది నీది కాదు తల్లీ అని యంత్రం గొంతులో ఇరుక్కుని అరవాలనిపించింది. ఆమె దాదాపు అంతా పెట్టి కొత్త గుండిగలు కొనేసింది. అసలు సంగతి తర్వాత తెలిసినా, సీజనులో తీర్చేయవచ్చులే అనుకుంది.

ఇంతలో మూఢం వచ్చింది. పెళ్ళిళ్ళు ఆగాయి. వడ్డీకి మూఢం లేదు. ఎంత వాడుకుందో రోజూ సాయంత్రం లెక్క తేల్చి, బ్యాంకు ఆ మొత్తం మీద ఆ రోజు వడ్డీ వేసేది. పాత బాకీలు వసూలైనప్పుడల్లా ఖాతాలో వేసి ఉంటే వడ్డీ ఆ మేరకు తగ్గేది. ఆ మాట ఆమెకు చెప్పినవాడు లేడు. ఎప్పుడు వేసినా ఒకటే అనుకుని నగదంతా ఇంట్లో పెట్టెలో దాచింది. నెలాఖరు ఆదివారం పడింది, సోమవారం వెళ్దామనుకుంది.

ఈలోగా బ్యాంకు నెల వడ్డీని ఆమె ఖాతాలోంచే లాక్కుంది. దాంతో వాడకం లక్ష దాటింది. దాటినందుకు ఒక రుసుము, దాని మీద పన్ను. సోమవారం పొద్దున, కొట్టుకు గ్యాసు సిలిండర్లు అరువిచ్చే అప్పలనాయుడికి ఆమె రాసిచ్చిన చెక్కు బ్యాంకుకు వచ్చింది. డబ్బు లేదని తిప్పి పంపారు. అందుకు ఇంకో రుసుము, ఇంకో పన్ను. అన్నీ కలిసి మళ్ళీ అప్పయ్యాయి. ఫోనుకు ఇంగ్లీషులో సందేశాలొచ్చాయి. ఆమెకు ఇంగ్లీషు రాదు. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు.

మధ్యాహ్నం అప్పలనాయుడు కొట్టుకొచ్చాడు. "ఏటి వదినా, సెక్కు తిరిగొచ్చీసింది. దానికి నా కాతాలో కూడా డబ్బులు కోసీసినారు. ఇంక అరువు మీద సిలిండర్లు ఇవ్వలేను."

మూఢం పోయాక వచ్చిన మొదటి పెద్ద సంతర్పణ బేరానికి ఆ సిలిండర్లే కావాలి. పెట్టెలోని నగదు బ్యాంకు బాకీకే చాలదు, సిలిండర్లు లేక పైడితల్లి అడ్వాన్సు తిరిగిచ్చేసింది. ఆ పార్టీవాళ్ళు ఆమె ఎదుటే వేరే కొట్టుకు ఫోను చేశారు. అప్పుడు ఆమె నన్ను పట్టుకున్న పట్టుకు నా అంచులు వంగాయి.

నగదు తీసుకుని బ్యాంకుకు వెళ్ళింది. క్యాషియరు నిర్మల ఒక్కతే ఓపిగ్గా, ఏది వడ్డీయో ఏది రుసుమో విడదీసి చెప్పింది. అంతా విని పైడితల్లి మేనేజరు గదిలోకి నడిచింది.

"నాను వాడుకున్నదానికి వడ్డీ కట్టీస్తాను. మీ వడ్డీ మీరే తీసుకుని, గీత దాటినానని నాకు జరిమానా ఏసినారు. దాటించినది ఎవలు?"

"సిస్టమ్ తీసుకుంటుందమ్మా. మా చేతిలో లేదు."

"అలాగయితే ఎవలి సేతిలో ఉందో వోల్లని పిలవండి. కూకుంటాను."

కూర్చుంది. భోజనాల వేళ దాటినా లేవలేదు. బయట వరుసలో ఉన్నవాళ్ళు లోపలికి తొంగి చూడటం మొదలుపెట్టారు. చివరికి మేనేజరు రుసుములు వెనక్కి వేయించాడు. "ఈసారికి సర్దుబాటు చేశాం" అన్నాడు, ఏదో దానం చేస్తున్నట్టు.

"డబ్బొక్కటే కాదు బాబూ. తప్పు మీదని కాయితం రాసియ్యండి. అప్పలనాయుడికి సూపెట్టాల."

ఆయన ఇంకో కాగితం మీద సంతకం పెట్టసాగాడు. డబ్బు తిరిగిచ్చే చేతికి ఆ ఒక్క వాక్యం రాయడం చేతకాలేదు. పోయిన బేరానికి, పోయిన మాటకు ఏ ఖాతాలోనూ సర్దుబాటు లేదు.

పైడితల్లి కొత్త గుండిగలు నష్టానికి అమ్మేసింది. వడ్డీతో సహా అంతా కట్టేసి, ఖాతా మూసేయమంది. "లిమిట్ పెంచుతామమ్మా, ఉంచుకోండి" అన్నాడు చైతన్య. ఆమె అతని బల్ల మీది కత్తెర తీసుకుని నన్ను నిలువునా కోసింది.

"ముక్కలు ఆ చెత్తబుట్టలో వేసేయండి" అన్నాడతను.

ఒక ముక్కే వేసింది. రెండోది కొంగున ముడేసుకుంది.

"దీని మీద నా పేరుంది. ఇది మీకు వొదల్ను."

నేను బుట్టలో మిగిలిన సగాన్ని. పేరున్న సగం ఆమెతో పాటు మెట్లు దిగి వెళ్ళిపోయింది.