కదిలే బరువు

ఆబిడ్స్‌లో ఒక పాత భవనం మొదటి అంతస్తులో హైందవి గది కిరాయికి తీసుకుంది. పిల్లలకు థెరపీ చేసే చదువు చదివి, ఆరేళ్లు ఇంకొకరి దగ్గర పనిచేసి, ఇప్పుడు సొంతంగా మొదలుపెడుతోంది. చాపలు, పెద్ద బంతులు, ఎక్కి దిగే బల్లలు అన్నీ వచ్చేశాయి. ఉయ్యాల ఒక్కటే మిగిలింది. ఆమె పనిలో సగం దానిమీదే నడుస్తుంది. చిన్న చప్పుడుకే ఉలిక్కిపడే పిల్లలు, ఒక చోట నిలవలేని పిల్లలు ఆ మెత్తటి గుడ్డ ఉయ్యాలలో కాసేపు ఊగితే కుదుటపడతారు.

కొక్కెం బిగించడానికి వచ్చిన మనిషి పైకప్పుకు డ్రిల్లు పెట్టగానే గంపెడు సున్నం రాలి కింద పడింది. లోపల చూస్తే పాత చెక్క దూలాలు, వాటి మీద పరిచిన బండలు. ఇంటి ఓనరు శ్యామ్‌సుందర్ వచ్చి తల పైకెత్తి చూశాడు.

"కప్పుకు చెయ్యి పెట్టొద్దమ్మా. ఏం చేసుకుంటరో కిందనే చేసుకోన్రి" అని ఖరాఖండిగా చెప్పేశాడు.

అప్పుడు హైందవి నేలమీద నిలబడే ఇనుప స్టాండ్ చేయించుకుందామని నాంపల్లిలో గట్టయ్య వెల్డింగ్ షాపుకు వెళ్లింది. గట్టయ్యకు అరవై దగ్గర పడ్డాయి. సిద్దిపేట వైపు పల్లె నుంచి కూలి పనికి వచ్చి, ఇక్కడే వెల్డింగ్ నేర్చుకుని, ముప్పై ఏళ్లుగా గేట్లు, గ్రిల్స్, రేకుల షెడ్లు చేస్తున్నాడు. ఉయ్యాల స్టాండ్ చేయడం మాత్రం ఇదే మొదలు.

"ఎంత బరువు ఎక్కుతది?" అని అడిగాడు.

"ఇరవై కిలోల పాప. ఒక్కోసారి పాపను పట్టుకొని నేను గూడ కూసోవాలె కాకా."

"అంటే ఎనభై అనుకుందాం. దానికి మూడింతలు ఆగేటట్టు చేస్త. గదిల జాగ ఎంతుంది?"

"జాగ తక్కువనే. జర సన్నగ చెయ్యి."

వారం తర్వాత పిలిచాడు. ఒక్కో పక్క రెండేసి ఏటవాలు కాళ్లు, వాటి మీద అడ్డంగా లావుపాటి పైపు. ఆమె చూస్తుండగానే ఆ పైపుకు ఇసుక బస్తాలు ఒక్కొక్కటిగా వేలాడదీశాడు. రెండు వందల నలభై కిలోలు. పైపు వీసమెత్తు వంగలేదు.

"అయిపోయినట్టే గద కాకా! రేపు పంపియ్యి. సోమవారం మొదటి పాప వస్తున్నది."

గట్టయ్య బస్తాలు దింపి, ఒక పలకకు తాళ్లు కట్టి పైపుకు తగిలించి, తానే ఎక్కి కూర్చున్నాడు. కాళ్లతో నేలను తన్ని ఊగడం మొదలుపెట్టాడు. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు.

"ఏంది గట్టన్నా, చిన్న పిల్లగానివైపోయినవా?" అన్నాడు పక్కనే పంక్చర్లు వేసే ప్రహ్లాద్. హైందవికి కూడా నవ్వొచ్చింది.

ఊపు పెరిగింది. స్టాండ్ కిర్రుమంది. అతను ముందుకు పోయినప్పుడు వెనక కాళ్లు నేల నుంచి రెండు వేళ్ల ఎత్తు లేచాయి. వెనక్కి వచ్చినప్పుడు ముందరి కాళ్లు లేచాయి. హైందవి నవ్వు ఆగిపోయింది.

గట్టయ్య దిగి నుదురు తుడుచుకున్నాడు. "సూసినవా బిడ్డా? ఊకె వేలాడే బరువు కిందికి గుంజుతది, అంతే. ఊగే బరువు ముందుకు గుంజుతది, ఎనక్కి గుంజుతది, పక్కకు గుంజుతది. నేను కదలని బరువుకు చేసిన. తప్పు నాదే. సోమవారానికి ఇయ్యలేను."

"చిన్న పాపనే కాకా, గంత జోరుగ ఊగదు."

"ఊగదని నువ్వు అంటున్నవు. ఇనుముకు ఆ సంగతి ఎర్కలేదు."

కోపంతోనే వచ్చేసింది హైందవి. కానీ లేచిన ఆ కాళ్లు కళ్ల ముందునుంచి పోలేదు. సాయంత్రం పాప తల్లి మాబెల్‌కు ఫోన్ చేసి, ఇంకో వారం పడుతుందని చెప్పింది. అప్పటికే ఒకసారి వాయిదా వేసింది.

"పర్లేదు మేడం. ఎవరన్నా చూస్తారేమోనని మూడేళ్లు తిరిగాం. వారం ఎంతసేపు?" అంది మాబెల్.

మర్నాడు పొద్దున్నే గట్టయ్య టేపు పట్టుకుని గదికి వచ్చాడు. గోడలు కొలిచి, మడమతో నేలను తట్టి చూశాడు.

"కింద ఏముంది?"

"టైలర్ షాపు."

ఇద్దరూ కిందికి దిగారు. టైలర్ విశ్వనాథ్ మిషన్ ఆపి వాళ్లను లోపలికి రానిచ్చాడు. గట్టయ్య చాలాసేపు కప్పు కేసి చూశాడు. అక్కడా అవే దూలాలు.

"మనం మన కప్పు గురించే ఫికర్ చేసినం. మన నేల గూడ ఈయనకు కప్పే గద" అన్నాడు.

దూలాలు గోడ నుంచి ఎంతెంత దూరంలో ఉన్నాయో కొలుచుకుని, పైకొచ్చి నేలమీద సుద్దతో గీతలు గీశాడు. స్టాండ్ బరువు ఆ గీతల మీదే పడాలి, నడుమ బండల మీద పడకూడదు. కింది పైపులను మూడు దూలాల మీదుగా పొడుగ్గా పరచాలి. కాళ్లు ఇంకా ఎడంగా ఉండాలి. పక్కకు ఊగకుండా నాలుగు మూలలా ఏటవాలు పట్టీలు కావాలి.

"నేను రాసుకునే బల్ల పెట్టే జాగ పోతది కాకా" అంది హైందవి.

"పోతది" అన్నాడు గట్టయ్య.

ఆమె గీతలను ఒకసారి చూసి, బల్లను తానే బయటికి లాగింది.

మెట్లు ఇరుకు కాబట్టి ఈసారి స్టాండ్‌ను ముక్కలుగా చేసి తెచ్చి, గదిలోనే బోల్టులతో బిగించాడు. మందపాటి చెక్కలు, వాటి మీద రబ్బరు పరిచి పైపులు నిలబెట్టాడు. అతను ఊగాడు, హైందవి ఊగింది. కాళ్లు లేవలేదు, పట్టీలు కిర్రుమనలేదు. హైందవి కిటికీలోంచి వంగి, "విశ్వనాథన్నా, ఏమన్న సప్పుడైందా?" అని కేకేసింది.

"ఊగుడు మొదలుపెట్టిన్రా?" అన్నాడు అతను కిందనుంచి.

మాబెల్ కూతురు ఏంజెలీనాకు ఆరేళ్లు. కాళ్లు నేల వదిలితే భయం. మొదటి రోజు ఉయ్యాల దగ్గరికే రాలేదు. స్టాండ్ ఇనుప కాలిని రెండు చేతులా పట్టుకుని, చెంప ఆనించి గంటసేపు నిలబడింది. రెండో రోజూ అంతే. హైందవి తొందరపెట్టలేదు. మూడో రోజు ఇనుప కాలిని వదిలి గుడ్డను పట్టుకుంది. తర్వాతి వారం దానిమీద బోర్లా పడుకుంది, కాలివేళ్లు నేలకు ఆనించే.

నెల తిరిగాక బోల్టులు బిగువుగా ఉన్నాయో లేదో చూడటానికి గట్టయ్య పానాతో వచ్చాడు. తలుపు దగ్గరే ఆగిపోయాడు. ఏంజెలీనా కాళ్లు ముడుచుకుని ఉయ్యాల లోపల ఉంది. నేలకు ఏదీ తగలడం లేదు. హైందవి ఊపడం ఆపితే లోపలినుంచి "ఇంకా" అని వినిపిస్తోంది. గోడవారగా కూర్చున్న మాబెల్ కొంగుతో నోరు కప్పుకుని చూస్తోంది.

గట్టయ్య చూపు ముందు స్టాండ్ కాళ్ల మీదికి పోయింది. అవి కదలడం లేదు. ఆ తర్వాతే పాపను చూశాడు.

"రా కాకా, ఆపుతా" అంది హైందవి మెల్లగా.

"వద్దు. ఊగనియ్యి. బోల్టులు తర్వాత సూస్త" అని అతను బయటికి వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు.