ఆగిన ముద్ద

పాల సంచుల ప్లాస్టిక్కూ, చేపల వలల నైలానూ ఎడ్డెమంటే తెడ్డెమనే రకం. ఎంత కరిగించినా కలవవు. రెండూ తాకే హద్దులో ఉండే బిగువుకి నైలాను చుక్కలుగా ముడుచుకుపోతుంది. ఆ బిగువు సడలడానికి వదిన మొగుడు జిగురు గుళికలు కలిపేవాడు. అవి హద్దులో కూర్చుని ఇటొక చెయ్యీ అటొక చెయ్యీ వేస్తాయి. చుక్కలు పిండిలా చితుకుతాయి, సరుకు గట్టిపడుతుంది. ఆయన పోయాక ఆ షెడ్డులో వదిన, మరిది, ఆ రెంటినీ కరిగించి పెట్టెలు పోసే మర మిగిలారు.

ఆ రోజు పళ్ల గిడ్డంగి ఆసామి పెట్టె చూడ్డానికి వస్తానన్నాడు. నచ్చితే ఏడాదంతా పని. నచ్చకపోతే మర అమ్మేస్తానని మరిది ముందే తేల్చేశాడు. చూస్తే జిగురు గుళికలు అడుగంటాయి. వేయాల్సిన దాంట్లో సగమే పడ్డాయి.

"మర తిరుగుతున్నంతసేపూ భయం లేదులే, సర్దుకుంటుంది," అంది వదిన.

"అన్నీ సర్దుకుంటాయనే ఇంతదాకా తెచ్చావు."

"నేనా తెచ్చింది? గుళికలు తెమ్మని మొత్తుకుంటే చెవిన పెట్టావా?"

"ఏంటీ? వినపడట్లేదు!"

"చెవిన పెట్టావా అంటున్నా!"

మరిది విసురుగా వెళ్లి మోటారు ఆపేశాడు. "ఇప్పుడు చెప్పు. తీరిగ్గా వింటా."

ఆమె చెప్పింది. అతనూ చెప్పాడు. ఆసుపత్రిలో అన్న పక్కన ఎవరు కూర్చున్నారో, ఎవరు మొహం చాటేశారో అన్నీ బయటికొచ్చాయి. మర గొట్టంలో కరిగిన ముద్ద వేడి మీద అలాగే ఉండిపోయింది. కదిలించే దిక్కు లేకపోతే చుక్కలు ఒకదాన్నొకటి వెతుక్కుని మళ్లీ పెద్దవవుతాయి. అందుకే ఆగిన ముద్దను పారబోశాకే పని మొదలుపెట్టాలని వదిన మొగుడు కట్టడి చేసి పోయాడు.

"మర మూగనోము పట్టిందేంటమ్మా?" గుమ్మంలో గిడ్డంగి ఆసామి.

"ఇదిగో, మీ కోసమే అన్నయ్యగారూ," అంటూ వదిన మోటారు వేసింది. పారబోద్దామని బకెట్టు అందుకుంది కూడా. కానీ ఆఖరి గుళికలు ఆ ముద్దలోనే ఉన్నాయి. మరిది వైపు చూసింది. అతను తల తిప్పుకున్నాడు. ఆమె బకెట్టు కింద పెట్టేసింది.

మోటారు ఆపి అచ్చు తెరిస్తే పెట్టె నున్నగా వచ్చింది.

"పెళ్లికూతురిలా ఉందమ్మా! కాపరం చేస్తుందో లేదో చూద్దాం." చల్లారాక ఆసామి దాన్నిండా ఇటుకలు పేర్చి, అరుగు మీంచి కిందికి తోశాడు.

మూల పగిలింది. వదిన అక్కడ గోరు పెట్టింది. ఉల్లిపాయలా పొర ఊడొచ్చింది.

"ఏమనుకోకమ్మా. ఎత్తుగా పేర్చాక వీటి కింద మా మనుషులు తిరుగుతారు," అని అతను వెళ్లిపోయాడు.

మరిది ఊడిన పెంకు చేతిలోకి తీసుకున్నాడు. "ఆపింది నేనే కదా వదినా."

"పారబోయనిది నేను."

"మర చూడ్డానికి రేపు మనిషొస్తాడు."

ఆమె బకెట్టు గొట్టం కింద పెట్టి మళ్లీ మోటారు వేసింది.

"ఇంకా ఎందుకు?"

"లోపల గడ్డకడితే తీసుకెళ్లేవాడికి పనికిరాదు."

ముద్ద పొగలు కక్కుతూ బకెట్లో పడుతోంది. మరిది వచ్చి బకెట్టుకి అవతలి పక్క పట్టుకున్నాడు. ఆ హోరులో ఆమె ఏదో అంది. అతనికి వినపడలేదు. ఈసారి మోటారు ఆపలేదు.