మా ఆయన కాల్చిన మోటారు

ముందే చెబుతున్నాను, విమానం కూలడం నా తప్పు కాదు. మా పేట తాల్‌బగీచా చివరి మైదానంలో గాలి ఎప్పుడు ఎటు తిరుగుతుందో దానికే తెలియదు. కూలాక జరిగినదాంట్లో మాత్రం నా చెయ్యి కాస్త ఉంది.

నా పేరు మీనాకుమారి. ఖరగ్‌పూర్ స్టేషన్లో ఎంక్వైరీ కిటికీ వెనక కూర్చుని రిటైరయ్యాను. అక్కడ కూర్చున్నవాళ్లకు ఓర్పు పెరుగుతుందని అందరూ అనుకుంటారు. పెరగదు, ఉన్నది అరిగిపోతుంది. బండి లేటైతే నన్ను తిట్టేవారు, టైముకొస్తే పరిగెత్తలేక అప్పుడూ నన్నే తిట్టేవారు. ఉద్యోగమంతా ఎవరివో బండ్లకు నేను జవాబు చెప్పుకున్నాను. అందుకే నేను వెళ్లమంటే వెళ్లి, రమ్మంటే వచ్చేది ఒక్కటైనా ఉండాలని కోరిక పుట్టింది. మైదానంలో కాలేజీ పిల్లలు బ్యాటరీ విమానాలు ఎగరేస్తుంటే చూసి నేనూ ఒకటి కొన్నాను. ఒళ్లంతా తేలికైన ఫోము, రెక్కల మీద ఎర్ర గీతలు, ముక్కులో అగ్గిపెట్టెకన్నా చిన్న మోటారు, దాని ముందు ఫ్యాను. చూసినవాళ్లంతా మనవడి కోసమా అని అడిగారు. నా కోసమే, మీకేమైనా ఇబ్బందా అని అడిగాను.

నేర్పేది టోని, మన తెలుగు కుర్రాడే. ప్రేమ్ బజార్లో ఇలాంటి విమానాల సామాన్ల కొట్టు పెట్టుకున్నాడు, ఆదివారాలు మైదానానికి వచ్చి కొత్తవాళ్లకు పాఠం చెబుతాడు. నా చేతిలో ఒక రిమోటు, అతని చేతిలో ఇంకొకటి. నేను తడబడితే అతను అందుకుంటాడు. అతను చెయ్యి వెయ్యకుండా నేనొక్కదాన్నే ఒక చుట్టు తిప్పి దింపితే దాన్ని సోలో అంటారు. ఆ సోలో కోసం నేను ఎంత తహతహలాడానో నా పెళ్లికి కూడా అంత తహతహలాడలేదు.

ఆ తొందరలోనే ఒక ఆదివారం టోని మీద గయ్యిమన్నాను. "నువ్వొదిలీ, నాను తిప్పుతాను!" అతను వదిలాడు. విమానం ఒక్కసారి ఆకాశం వైపు చూసి, ముక్కుతో తిన్నగా బురదలో దిగింది. పడగానే రిమోటు మీద స్పీడు పెంచే పుల్ల కిందికి లాగేయాలట. నేను కంగారులో దాన్ని పైకి తోశాను, అలా తోస్తే లేస్తుందేమోనని. ఫ్యాను బురదలో ఇరుక్కుపోయింది, తిరగలేని మోటారు కరెంటు తాగుతూనే ఉంది. ముక్కులోంచి సన్నగా పొగ లేచింది.

"ఆంటీ, దించండి, దించండి!" అని టోని పరిగెత్తుకొచ్చాడు. దించేసరికి పని అయిపోయింది.

"మోటారు ఎళ్లిపోనాది ఆంటీ. తీగ కాలిపోనాది. ఇదే నంబరుది కొత్తది ఏసీద్దాం."

"ఏసిందేదో పెద్దది ఏసీకూడదేటి? జోరుగా ఎగురుతాది కదా."

"పెద్దదయితే ముక్కు బరువైపోద్ది. బ్యాటరీ మార్సాల, కంట్రోలరు మార్సాల, ఆనక మీ మీదకే వస్తాది. నేర్సుకున్నన్నాళ్లూ ఉన్న నంబరే మంచిది."

రెండు రోజుల్లో చెబుతానని కాలిన మోటారు పర్సులో వేసుకుని ఇంటికొచ్చాను. అదే నేను చేసిన పొరపాటు. ఎందుకంటే ఇంట్లో మా ఆయన ఉన్నారు.

మా ఆయన గోవిందరావు రైల్వే వర్క్‌షాపులో రైలింజన్ల మోటార్లకు తీగ చుట్టే సెక్షన్లో పనిచేశారు. పదిమంది ఎత్తలేని మోటార్లు అవి. రిటైరైన కొత్తలో షాపు నుంచి ఎవరో ఒకరు వచ్చి ఏదో ఒకటి అడిగేవారు. తరవాత రావడం మానేశారు. ఈయన వరండాలో కూర్చుని గేటు వైపు చూడటం మాత్రం మానలేదు. మాట తగ్గింది, తిండి తగ్గింది. పప్పులో ఉప్పు వెయ్యడం మరిచిపోయినా అడిగేవారు కాదు. పోట్లాటకు కూడా రాని మనిషితో కాపురం చెయ్యడం ఎంత కష్టమో నాకు తెలుసు, పగవాళ్లకు కూడా వద్దు.

నేను మోటారు టేబుల్ మీద పెట్టగానే ఆయన కళ్లద్దాలు పెట్టుకుని దాని మీది అక్షరాలు చదివి, కుర్చీతో సహా వెనక్కి జరిగారు.

"వెయ్యి కేవీయా? మన రైలు తీగే ఇరవై అయిదు కేవీ. దీన్ని పర్సులో ఎలగ తెచ్చినావే?"

"అది ఆ వేల ఓల్టుల కేవీ కాదండీ. ఒక్కో ఓల్టుకి నిమిషానికి ఎన్ని సుట్లు తిరుగుతాదో ఆ లెక్కట."

"అలగా," అని మళ్లీ ముందుకు జరిగారు. మోటారు వాసన చూశారు. "తీగ కాలినాది. సుట్టీడమే."

"కొత్తది దొరుకుతాదట."

ఆయన నా వైపు చూసిన చూపు నేను చాలా కాలంగా చూడలేదు. "నానుండగా నువ్వు బజార్లో మోటారు కొంటావేటి?" అన్నారు. గొంతు పెద్దగా లేచింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ పూట నుంచి ఇల్లు వర్క్‌షాపు అయిపోయింది. వెంట్రుకలాంటి రాగి తీగ తెచ్చారు. భూతద్దం కావాలన్నారు, లైటు చాలలేదన్నారు, నేను గట్టిగా నడుస్తున్నానని కేకలేశారు. ఈల వేస్తూ తీగ చుట్టారు. పప్పులో ఉప్పు ఎక్కువైందని గొడవ పెట్టి మళ్లీ అదే పప్పు రెండోసారి వేయించుకున్నారు. నేను కూడా తగ్గలేదు, మాటకు మాట అన్నాను. ఎన్నాళ్లయిందో అలా పోట్లాడుకుని, కడుపు నిండినట్టయింది.

తీగ చుట్టాక ఏం చేశారో నాకు పక్కింటి బెంగాలీ దీదీ అరిస్తే గాని తెలియలేదు. నాకు పాత పడిశం ఉంది, ముక్కు ఎప్పుడూ దిబ్బడే, వాసనలు తెలియవు. దీదీ వాళ్ల వంటింట్లోంచి ఏదో మాడుతోందని అరుస్తుంటే మా వంటింట్లోకి వెళ్లి చూశాను. నా కేకు ఓవెనులో, నా కేకు గిన్నెలో, వార్నీషు పూసుకున్న మోటారు కూర్చుని ఉంది.

"ఏటండీ ఇది? నా ఓవెను!"

"సుట్టిన మోటారు వార్నీషులో ముంచి కాల్సకుండా మా షాపులోంచి ఒక్కటి బయటికి ఎళ్లలేదు. ఇది మాత్రం పచ్చిదే పంపమంటావేటి?"

"కేకులెక్కడ సేసుకోవాల?"

"కేకులు ఎవులైనా సేత్తారు," అన్నారు, ఓవెను అద్దంలోంచి దాన్ని ముద్దుగా చూసుకుంటూ.

చల్లారాక బ్యాటరీకి తగిలించారు. గిర్రున తిరిగింది. "పాస్!" అని అరిచి, నా గోళ్లరంగు సీసా తీసి దాని మీద ఎర్ర చుక్క పెట్టారు. షాపులో పాసైన మోటారుకు ఆయన అలాగే పెట్టేవారట. సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది. పాలవాడికి చెప్పారు, ఇస్త్రీ అతనికి చెప్పారు, గ్యాసు బండ తెచ్చిన అతన్ని కూర్చోబెట్టి మరీ చెప్పారు. ఆదివారం మీనా సోలో, తన మోటారుతో.

ఆయన బజారుకు వెళ్లినప్పుడు దాన్ని విమానం ముక్కులో బిగించి, ఫ్యాను తగిలించి, డాబా మీద తిప్పి చూశాను. ఆయన ఫ్యాను లేకుండా తిప్పారు కదా, ఉత్తినే తిరగడానికి ఏమి కష్టం? ఫ్యాను ఎక్కాక మూలిగింది. ఎదురుగా ఆరేసిన చీర కొంగు కూడా కదల్లేదు. చెయ్యి పెడితే చురుక్కుమంది, లోపల ఏదో గలగలమంది. పట్టుకుని ప్రేమ్ బజార్ వెళ్లాను.

టోని విప్పి చూసి తల గోక్కున్నాడు. "సుట్టడం ఫస్ట్ క్లాస్ ఆంటీ. మిసను కూడా ఇంత బాగా సుట్టదు. గాని అంకుల్ అయస్కాంతాలతో సహా కాల్సీసినారు."

రైలింజను మోటార్లలో మా ఆయన అయస్కాంతాలు అంటించి ఉండగా చూడలేదు. ఆయన ఎరిగిన మోటార్లకు అన్నీ తీగచుట్టలే, ఎంత కాల్చినా ఏమీ కాదు. ఈ బుడ్డ మోటారుకు పైన టోపీలా ఒకటి ఉంటుంది, దాని లోపలి గోడకు అయస్కాంతం ముక్కలు జిగురుతో అంటించి ఉంటాయి. ఓవెను వేడికి జిగురు ఊడింది, ముక్కల సత్తువా పోయింది. టోపీ తీసేసి కాల్చి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు.

"అంకుల్‌కి సెప్పీండి ఆంటీ."

"సెప్పీసి మళ్లీ వరండాలో కూకోబెట్టమంటావేటి? నువ్వు నోరు మూసుకుని అదే నంబరుది కొత్తదొకటి ఇయ్యి."

సోలో పోయినా నేను బతకగలను. ఈల వేసే మనిషి మళ్లీ గేటు వైపు చూస్తూ కూర్చుంటే మాత్రం నావల్ల కాదు. అందుకే కొత్త మోటారు నా చేత్తోనే బిగించాను. మూడు తీగలు, మూడు కన్నాలు, అంతే కదా అనుకుని పెట్టేశాను. గోళ్లరంగుతో చుక్క కూడా పెట్టాను. పాత మోటారు పారేయడానికి చెయ్యి రాలేదు. గుడ్డలో చుట్టి బియ్యం డబ్బా అడుగున దాచాను.

ఆ పూట ఆయన అన్నం మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగారు. "బియ్యం మార్సినావేటే?"

"లేదే. ఎందుకు?"

"ఏటీ లేదు," అని తినేశారు. మళ్లీ వేయించుకున్నారు కూడా.

ఆదివారం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని మైదానానికి వచ్చారు. కాలేజీ పిల్లలను చుట్టూ నిలబెట్టి "హమారా హాథ్ కా మోటార్ హై", తన చేత్తో చేసిన మోటారని ఉపన్యాసం మొదలుపెట్టారు. నేను విమానం గడ్డి మీద పెట్టి, రిమోటు పట్టుకుని, దేవుళ్లందరికీ మొక్కుకుని స్పీడు పుల్ల పైకి తోశాను.

విమానం వెనక్కి నడిచింది.

పిల్లలు గొల్లుమన్నారు. "ఆంటీ, రివర్స్ గేర్!" అన్నాడు ఒకడు. మోటారు తిరగాల్సిన వైపు కాకుండా రెండో వైపు తిరుగుతోంది. మూడు తీగల్లో ఏ రెండైనా అటూ ఇటూ మారిస్తే సరిపోతుందని ఆ మైదానంలో అందరికీ తెలుసు. మార్చాలంటే ముక్కు విప్పాలి.

టోని స్క్రూడ్రైవరు పట్టుకుని గబగబా వచ్చాడు. "నాను సూస్తాను అంకుల్."

"ఆగు. నా సేత్తో కట్టిన మోటారు, నానే ఇప్పుతాను."

"ఈ పూట ఒద్దండీ," అన్నాను. "గాలి ఎక్కువున్నాది. ఇంటికెళిపోదాం."

"ఆకు కదల్లేదు. గాలెక్కడే?"

"నాకు సోలో ఒద్దు! నాకు ఈ విమానమే ఒద్దు!" అని అరిచాను. పిల్లలు నవ్వడం ఆపేశారు. ఆయన మాత్రం గడ్డిలో కూర్చుని, వీపు అందరివైపు తిప్పి, ముక్కు విప్పారు.

లోపల నీలం రంగు కొత్త మోటారు తళతళలాడుతోంది, మీద నేను పెట్టిన దొంగ చుక్కతో. ఆయన దాన్నే చూస్తూ కూర్చున్నారు. చొక్కా ఇస్త్రీ మడత చూస్తుంటే నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఊరంతా చెప్పుకున్న మనిషిని ఇంతమందిలో ఇలా నిలబెట్టానే అనిపించింది.

ఆయన రెండు తీగలు ఊడదీసి అటూ ఇటూ మార్చారు. ముక్కు మూసి, స్క్రూ బిగించి, మోకాలు పట్టుకుని లేచారు.

"రెండు తీగలు తారుమారైపోనాయి," అన్నారు గట్టిగా, అందరికీ వినబడేలా. "నా పొరపాటే. నువ్వు ఎగరెయ్యి మీనా."

ఎగరేశాను. టోని తన రిమోటు చంకలో పెట్టుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. విమానం లేచి, మైదానం చుట్టూ తిరిగి, ఒకసారి వంకరపోయి, నా మాట విని మళ్లీ సర్దుకుని, గడ్డి మీద రెండు గెంతులు గెంతి ఆగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. టోని రిమోటు పైకెత్తి "సోలో!" అని అరిచాడు. "మోటారు ఎలగున్నాది?" అని మా ఆయన అందరినీ పేరుపేరునా అడిగారు. "ఫస్ట్ క్లాస్ అంకుల్," అన్నాడు టోని, నా వైపు చూడకుండా.

ఇంటికొచ్చేటప్పుడు స్కూటరు వెనక కూర్చుని విమానం ఒళ్లో పెట్టుకున్నాను. ఎంక్వైరీ కిటికీ వెనక కూడా ఇంతసేపు నోరు మూసుకుని కూర్చోలేదు.

"కోపం వొచ్చినాదేటి?" అన్నాను చివరికి.

"సుక్క కుడి పక్కన ఎట్టినావు. నాను ఎడం పక్కన ఎడతాను."

"సూసీసినారు కదా. అప్పుడే తెలిసినాదా మీకు?"

"అప్పుడెందుకు? ఆ రోజు అన్నంలోనే తెలిసినాది. బియ్యం డబ్బాలో వార్నీషు మోటారు పడేస్తే వాసన రాదేటి? నీకైతే ముక్కు లేదు."

"అన్ని పూటలూ ఆ అన్నం తిన్నారా? ఒక్క మాట అనలేదే?"

ఆయన రోడ్డు మీద గుంట తప్పించారు.

"పాడయిందని తెలిసి కూడా నువ్వు పారెయ్యలేదు కదే," అన్నారు. "దాసినావు."

కళ్లు తుడుచుకుని, "ముందు రోడ్డు సూసి నడపండి," అని కసిరాను.