మడత విప్పని పంచె

నేను ఒక పసుపు పట్టుపంచెను. బడి వార్షికోత్సవంలో చిన్నికృష్ణుడి వేషానికి దర్జీ మస్తాన్ నన్ను కుట్టాడు. పిల్లలు పెరుగుతారు, పొడవు చాలకపోతే విప్పుకోవచ్చని అంచున జానెడు గుడ్డ లోపలికి మడిచి కుట్టాడు. ఆ ఊళ్ళో ముందుచూపు ఉన్నది అతనొక్కడికే.

కోటేశ్వరికి నన్ను మొదటిసారి కట్టినప్పుడు ఆరేళ్ళు. మరుసటేడూ ఆ పిల్లకే కట్టారు. ఆ పైయేడూ అంతే. ఉబ్బిన బుగ్గలు చూసి టీచర్లు మురిసిపోయారు. పరుగెత్తకుండా మూల కూర్చుంటే బుద్ధిమంతురాలన్నారు. మండుటెండల్లోనూ ఆ ఒళ్ళు చల్లగా, గరుగ్గా నాకు తగిలేది. నాకు నోరు లేదు. నోరున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. తల్లి గురవమ్మ దిష్టి తీసింది.

నాలుగో ఏడు నా నడుము ఎలాస్టిక్ తెగింది. గురవమ్మ నన్నూ పిల్లనూ మస్తాన్ దగ్గరికి తెచ్చింది. అతను నన్ను తిరగేశాడు. అంచు కుట్టు చెక్కుచెదరలేదు. టేపు తీసి పిల్లను కొలిచాడు, మళ్ళీ కొలిచాడు.

"తొమ్మిదేళ్ళ పిల్లకి ఆరేళ్ళనాటి గుడ్డ పడుతోంది అక్కా. ఇది ముద్దు కాదు, రోగం. డాక్టరుకు చూపించు."

గుంటూరులో పిల్లల హార్మోన్ల డాక్టరమ్మ బడి ఆరోగ్య కార్డు అడిగింది. అందులో పిల్ల ఏటా ఐదు సెంటీమీటర్లు పెరిగింది. కొలవకుండా రాసిన అంకెలు. గురవమ్మ సంచిలోంచి నన్ను తీసి బల్ల మీద పరిచి, అంచు ఒక్కసారీ విప్పలేదన్న సంగతి చెప్పింది. డాక్టరమ్మ కార్డును పక్కకు నెట్టేసింది. రక్తపరీక్షలో తేలింది, మెడలోని థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయడం లేదని. రోజూ పరగడుపున ఒక మాత్ర వేయాలంది. పోయిన ఎత్తు కొంత తిరిగొస్తుంది, అంతా వస్తుందని మాత్రం చెప్పలేనంది. శనగగింజంత మాత్ర. దాని దాకా రావడానికి మూడేళ్ళు పట్టింది ఈ మనుషులకు.

వారం తిరక్కుండా పొద్దున్నే హెడ్మాస్టరు గడపలోకి వచ్చాడు. ఈసారి కలెక్టరు వస్తున్నాడట. మాత్రలతో బుగ్గలు తగ్గుతాయట. వార్షికోత్సవం అయ్యేదాకా, ఒక్క నెల ఆపమన్నాడు.

గురవమ్మ మాత్ర తీసి, అతని ముందే కూతురి నోట్లో వేసి, నీళ్ళు తాగించింది. తర్వాత నన్ను తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"మీ మనవడికి కట్టండి సార్. వచ్చే ఏడు పట్టకపోతే సంతోషించండి."

అతను తన మనవడికి కట్టలేదు. బడి ట్రంకుపెట్టెలో పడేశాడు. ఎలకలు కొరుకుతున్నాయి. కొరకనీ.